చెల్లె చావుకు అత్త కారణం కాదు

 

పోస్ట్ పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ సగంలో ఆపకండి. అసలు విషయం రెండో సగంలో ఉంది.

మేము మీర్‌పేట్‌లో ఒక హాస్టల్లో ఉంటున్నాం. ఒకే రూమ్, నలుగురం. ఒకరిది భద్రాచలం వైపు, ఒకరిది ఉట్నూరు వైపు, ఒకరిది ఏటూరునాగారం వైపు, ఒకరిది దేవరకొండ దగ్గర తండా. ఇద్దరం డిగ్రీలో బీజెడ్‌సీ, ఒకడు బీకామ్, ఇంకొకడు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాళ్లం మేమే.

కింద రాసింది మా నలుగురిలో ఒకరింట్లో జరిగింది. ఎవరింట్లోనో చెప్పొద్దని మాట అనుకున్నాం. ఎందుకంటే అందులో ఇంకా బతికున్న మనుషులు ఉన్నారు, వాళ్లు రేపు కూడా అదే ఊళ్లో తిరగాలి. అందుకే మొత్తం "మేము" అనే రాస్తున్నాం. టైప్ చేస్తున్నది ఒకడే. మిగతా ముగ్గురు పక్కన కూర్చుని "అది తీసెయ్, ఇది పెట్టు" అంటున్నారు.

ముందు దోమల సంగతి. మీర్‌పేట్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, చందన చెరువు అని పేర్లు బాగుంటాయి. కాలనీల మురుగంతా పోయేది వాటిలోకే. నీళ్ల మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే కిటికీలు మూసుకోవాల్సిందే. వచ్చిన కొత్తలో మాకు ఒక అనుమానం ఉండేది. ఊళ్లో ఇన్ని దోమలు లేవు. అయినా అక్కడ వానాకాలం వస్తే ఇంటికొకరు చలిజ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఇక్కడ ఇన్ని దోమలు కుడుతున్నా ఆ జ్వరం ఎవరికీ రాదేంటి?

ఈ ప్రశ్నకు జవాబు పోయిన వానాకాలం దొరికింది, అదీ మాలో ఒకడు పడిపోయాక.

మధ్యాహ్నం రెండింటికి వణుకు మొదలయ్యింది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. గంట తర్వాత ఒళ్లు కాలిపోయింది. ఇంకో రెండు మూడు గంటలకు చెమటతో బట్టలు తడిసిపోయి, మామూలు మనిషై లేచి కూర్చున్నాడు. మర్నాడు ఏమీ లేదు. మెస్‌లో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ మర్నాడు మళ్లీ అదే టైమ్‌కు వణుకు.

దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. ఒక రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. సెలైన్ ఎక్కించారు, యాంటీబయాటిక్ రాశారు. పద్దెనిమిది వందలయ్యింది. నలుగురి జేబులూ దులిపితే వచ్చిన డబ్బు అది. మందులు వేసుకున్నా జ్వరం మాత్రం తన లెక్క తప్పలేదు. రోజు విడిచి రోజు, ఒకే టైమ్.

ఈలోపు హాస్టల్లో మాటలు మొదలయ్యాయి. "జంగల్ నుంచి రోగం పట్టుకొచ్చిండు" అన్నారు. వాడి ప్లేటు పక్కన పెట్టారు. వాడి పరుపు వరండాలోకి లాగేశారు. అన్నది బయటివాళ్లు కాదు, మనవాళ్లే. అందుకే చెప్తున్నాం. ఒక మనిషికి జ్వరం వస్తే ఆ మనిషినే తప్పు పట్టడం మనకు ఎంత తొందరగా వచ్చేస్తుందో ఆ వారం చూశాం.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మారి నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు పోయాం. సిటీలో పాతవాళ్లు దాన్ని "కోరంటి దవాఖాన" అంటారు. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో కోరంటి అయ్యింది. అక్కడ వేలికొన గుచ్చి, రక్తం చుక్కను అద్దం ముక్క మీద పూసి చూశారు. మలేరియా, వైవాక్స్ రకం. డాక్టరమ్మ మొదటి ప్రశ్నే అది: "పోయిన సంవత్సరం ఈ జ్వరం వచ్చిందా? పద్నాలుగు రోజుల గోలీలు ఇచ్చారా? అన్నీ వేసుకున్నావా?"

మావాడు తల దించుకున్నాడు. ఊళ్లో ఆశా అక్క లెక్కపెట్టి ఇచ్చింది. ఐదు రోజులు వేసుకున్నాడు. జ్వరం తగ్గింది కదా అని మిగతావి గోడగూట్లో పెట్టి మర్చిపోయాడు.

"అది పోలేదు బాబూ. నీ కాలేయంలో పడుకుంది. ఇప్పుడు లేచింది" అంది ఆమె.

ఆ మాట మమ్మల్ని పట్టేసుకుంది. పడుకోవడమేంటి, లేవడమేంటి?

బయటికి వచ్చేటప్పుడు బోర్డు చదివాం. ఫీవర్ హాస్పిటల్ అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. రాస్ పేరు మేము ఇంటర్ జువాలజీలో ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీ పట్టాం. ఆయన పని చేసింది ఎక్కడో విదేశంలో అనుకున్నాం. కాదు. మనం రోజూ మెట్రోలో దాటిపోయే బేగంపేటలో.

మావాడు కోలుకున్నాక ఒక ఆదివారం నలుగురం పోయాం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బేగంపేటలో దిగాం. పాత విమానాశ్రయం దగ్గర ఉంది ఆ పాత బిల్డింగ్. ఆదివారం కాబట్టి బయటి నుంచే చూశాం.

కథ ఇది. మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని మొదట చూసింది ఫ్రెంచ్ సైన్యంలో డాక్టర్ లావెరాన్, 1880లో, అల్జీరియాలో. కానీ అది మనిషిలోకి ఎట్లా వస్తుందో తేలలేదు. చిత్తడి నేలల చెడు గాలి వల్ల వస్తుందని జనం నమ్మేవాళ్లు. మలేరియా అనే మాటకు అర్థమే చెడు గాలి. రాస్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో డాక్టర్, పుట్టింది మన దేశంలోనే, అల్మోరాలో, 1857లో. సికింద్రాబాద్‌లో పని చేస్తూ దోమలను కోసి కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. చాలా రోజులు ఏమీ దొరకలేదు, ఎందుకంటే చూస్తున్నవి తప్పు రకం దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలి కుట్టించాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉన్న నలుపే అది. అంటే మనిషి ఒంట్లోది దోమ ఒంట్లో పెరుగుతోంది. తర్వాతి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి, దోమ కాటుతోనే అది మళ్లీ ఇంకో ప్రాణిలోకి పోతుందని చూపించాడు. ఇటలీ శాస్త్రవేత్తలు మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ అని తేల్చారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినం అంటారు.

హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా లెక్కన పది అణాలు ముట్టాయి. రూపాయికి పదహారు అణాలు. అంటే రూపాయి కూడా కాదు. రక్తం మాత్రం ఆయనదే. అడవిలో దొరికే దానికి ధర ఎట్లా కడతారో మనకు తెలుసు కదా, ఈ లెక్క మనకు కొత్తగా అనిపించలేదు.

ఇక మా మొదటి అనుమానం. మీర్‌పేట్ చెరువుల దగ్గర మురుగులో పుట్టేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. అవి బోదకాలు క్రిమిని మోయగలవు కానీ మనిషి మలేరియాను మోయలేవు. మేడ మీద డ్రమ్ముల్లో, కూలర్లలో మంచినీళ్లలో పుట్టి పగలు కుట్టేది ఏడిస్, దానితో డెంగీ. మలేరియా అనాఫిలిస్‌ది. మన వైపు దానికి ఇష్టమైనవి మెల్లగా పారే శుభ్రమైన వాగులు, ఊటలు, వరిమడులు, వానకు నిండిన గుంటలు. అంటే మనం "మా ఊరి నీళ్లు అద్దంలా ఉంటాయి" అని గొప్పగా చెప్పుకునే చోటే అది గుడ్లు పెడుతుంది. పాతకాలంలో దీన్నే మన్యం జ్వరం అనేవాళ్లు. అది మురికితనం వల్ల వచ్చింది కాదు. "జంగల్ రోగం" అని ప్లేటు పక్కన పెట్టినవాళ్లకు మేము మొదట చెప్పింది ఇదే. పక్కన పడుకుంటే రాదు, ఒకే ప్లేటులో తింటే రాదు.

ఇప్పుడు కొంచెం పాఠం. భయపడకండి, బీకామ్‌వాడికి అర్థమయ్యే వరకు చెప్పి చెప్పి రాసిందే.

సూక్ష్మజీవులన్నీ ఒకే తీరుగా జబ్బు చేయవు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. కలరా క్రిమి పేగు గోడకు అంటుకుని విషం వదులుతుంది, అంతే. లోపలికి చొరబడదు. ఆ విషం పేగు కణాల కుళాయి తిప్పి వదిలేస్తుంది, ఒంట్లో నీళ్లన్నీ బయటికి పోతాయి. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే మన దేశపు డాక్టర్ కనిపెట్టాడు. అందుకే కలరాలో ప్రాణం నిలిపేది ముందు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు. టైఫాయిడ్ క్రిమి ఇంకో రకం. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాల లోపలే దాక్కుని ఒళ్లంతా తిరుగుతుంది. క్షయ క్రిమి ఏళ్లకేళ్లు ఊపిరితిత్తుల్లో కదలకుండా ఉండి, తిండి తగ్గి ఒంట్లో సత్తువ పోయినప్పుడు లేస్తుంది. వీటిలో ఏదీ మనల్ని చంపాలని పగబట్టి రాదు. తిని బతకడానికి, పిల్లల్ని పెట్టడానికి వస్తుంది. మన ఒళ్లు దానికి పొలం.

మలేరియాది వీటన్నిటికంటే పెద్ద తెలివి. అది బ్యాక్టీరియా కాదు, ఒకే కణంతో బతికే పరాన్నజీవి. ఆడ దోమ కుట్టినప్పుడు ఉమ్మితో పాటు లోపలికి దిగుతుంది. గంట తిరక్కముందే కాలేయం చేరి ఒక కణంలో దూరుతుంది. అక్కడ వారం, పది రోజులు చప్పుడు లేకుండా పెరిగి ఒకటి వేలకు వేలు అవుతుంది. అప్పటిదాకా మనిషికి ఏమీ తెలియదు. పొలం పోతాడు, బడికి పోతాడు. తర్వాత అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాల్లో దూరతాయి, లోపల ఉన్న హిమోగ్లోబిన్ తింటాయి. తినగా మిగిలిన చెత్తే రాస్ చూసిన ఆ నల్ల రేణువులు. 48 గంటలకు కణం పగిలి కొత్తవి బయటపడతాయి, ఇంకో కణాల్లో దూరతాయి. లక్షల కణాలు ఒకేసారి పగిలినప్పుడు ఆ చెత్తంతా రక్తంలో కలుస్తుంది. అప్పుడే ఒళ్లు వణుకుతుంది. రోజు విడిచి రోజు, ఒకే టైమ్ అన్నది అందుకే.

వైవాక్స్ రకంలో కొన్ని కాలేయంలోనే నిద్రపోతాయి. నెలల తర్వాత లేస్తాయి. రక్తంలో ఉన్నవాటిని చంపే గోలీలు నిద్రపోయేవాటిని ఏమీ చేయలేవు. వాటి కోసమే ప్రైమాక్విన్, పద్నాలుగు రోజులు. మావాడు వేసుకోని తొమ్మిది రోజుల గోలీలు మీర్‌పేట్ దాకా వాడి వెంట వచ్చాయి.

ఫాల్సిపారం రకం ఇంకా ప్రమాదం. మన ఒంట్లో ప్లీహం ఒక జల్లెడ లాంటిది, పాడైన ఎర్రకణాలను ఏరి పారేస్తుంది. ఊళ్లో చిన్నపిల్లలకు "కడుపులో బల్ల పెరిగింది" అంటారే, ఆ బల్ల చాలాసార్లు ఈ పని చేసీ చేసీ వాచిపోయిన ప్లీహమే. ఫాల్సిపారం ఆ జల్లెడకు దొరక్కుండా ఒక ఎత్తు వేస్తుంది. తను ఉన్న ఎర్రకణం మీద సన్నటి బుడిపెలు పుట్టిస్తుంది. పల్లేరుకాయ కాలికి గుచ్చుకున్నట్టు ఆ కణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. మన ఒళ్లు ఆ బుడిపెలను గుర్తుపట్టే లోపు అది వాటి రూపు మార్చేస్తుంది. అట్లా అతుక్కున్నది మెదడు నాళాల్లో అయితే దారి మూసుకుపోతుంది. పిల్లలైతే ఫిట్స్ వస్తాయి, కళ్లు తేలేస్తారు, పిలిస్తే పలకరు. ఒక రోజు, రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు.

ఈ పేరా మేము పుస్తకంలో చదివిన రాత్రి రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే దాన్ని మేము ముందే చూశాం.

అప్పుడు మాకు తొమ్మిదేళ్లు. చెల్లెకు నాలుగు. జెండా పండుగ రోజు మాతో పాటు బడికి వచ్చి, చాక్లెట్లు రెండు తీసుకుని, ఒకటి అమ్మకు దాచింది. ఆ సాయంత్రం అత్త ఇంటికి పోతే అత్త ఉడకబెట్టిన కోడిగుడ్డు పెట్టింది. అత్త అంటే నాయినకు వరుసకు అక్క. మొగుడు లేడు, ఒక్క కూతురు, పెళ్లి చేసి పంపింది. మర్నాడు చెల్లెకు జ్వరం. మూడో రోజు సాయంత్రం ఫిట్స్. కళ్లు పైకి పోయాయి, పళ్లు బిగుసుకున్నాయి. వాగు పొంగి ఉంది. దవాఖాన వాగు అవతల. మంత్రం వేసే పెద్దమనిషిని పిలిచారు. ఆయన బియ్యం చూసి, "తిండిలో పెట్టిన్రు, ఆడమనిషి, దగ్గరి మనిషే" అన్నాడు. తెల్లారేసరికి చెల్లె లేదు.

దగ్గరి మనిషి, ఆడమనిషి, తిండి. ఇంకెవరు? గుడ్డు పెట్టింది అత్తే కదా.

ఎవరూ కొట్టలేదు. అంతవరకు అదృష్టం. కానీ పంచాయితీ పెట్టి తప్పు కట్టించారు, ఐదు వేలు, ఒక మేక. బోరింగ్ దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు బిందెలు తీసుకుని పోయేవాళ్లు. పిల్లల్ని ఆమె గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. మేము కూడా ఆమె కనిపిస్తే దారి మార్చేవాళ్లం. ఒకసారి రాయి కూడా వేశాం. తగల్లేదు. అయినా ఆమె ఆగి మా వైపు చూసిన చూపు గుర్తుంది. ఏడాది తిరక్కముందే ఇల్లు వదిలేసి కూతురు దగ్గరికి వెళ్లిపోయింది.

హాస్టల్లో ఒక పాత రికార్డు కాగితం వెనక తేదీలు రాశాం. జ్వరం మొదలైంది ఆగస్టు 16. ఫాల్సిపారం దోమ కుట్టిన తర్వాత మామూలుగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు బయటపడుతుంది. వెనక్కి లెక్కపెడితే కుట్టింది ఆగస్టు 2, 7 మధ్యలో అనుకోవాలి. గుడ్డు తిన్నది 15న. అప్పటికే అది చెల్లె ఒంట్లో ఉంది, కాలేయం దాటి రక్తంలోకి వస్తోంది.

అమ్మకు ఫోన్ చేసి అడిగాం, ఆ సంవత్సరం అత్త నాట్లకు ఎప్పుడు పోయింది అని. అమ్మ వెంటనే చెప్పింది. జూలై ఆఖర్లో ముఠాతో కిందికి పోయింది, జెండా పండుగకు ముందు రోజు వచ్చింది. అమ్మ కూడా పోవాల్సింది, చెల్లె చిన్నదని ఆగింది. అందుకే గుర్తుంది.

అంటే ఆ దోమ కుట్టిన రోజుల్లో అత్త ఊళ్లోనే లేదు. ఎక్కడో బురదలో వంగి వరి నాటుతోంది. కూలి డబ్బు చేతికి వచ్చాక ఊరికి వచ్చి, చంటిపిల్ల కదా అని ఒక గుడ్డు ఉడికించి పెట్టింది. అంతే ఆమె చేసింది.

నిజం చెప్పాలి. చెల్లె రక్తం ఎవరూ పరీక్ష చేయలేదు. కాబట్టి మలేరియానే అని వంద శాతం ఎవరూ చెప్పలేరు. మెదడువాపు కూడా అట్లాగే ఉంటుంది. కానీ ఆ తర్వాతి వారం వైద్య శిబిరం వాళ్లు వచ్చినప్పుడు మా వాడలోనే ఇద్దరికి ఫాల్సిపారం తేలింది. ఏదైనా సరే, అది కంటికి కనిపించని జీవి చేసిన పని. కన్ను చేసింది కాదు, గుడ్డు చేసింది కాదు.

ఇంకో సంగతి. మా హాస్టల్లో సికిల్ సెల్ పరీక్షలు చేశారు. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గురించి మీలో చాలామంది విని ఉంటారు, కార్డు వచ్చినవాళ్లు కూడా ఉంటారు. మాకు "ట్రెయిట్" అని వచ్చింది. అంటే అమ్మ దగ్గర్నుంచో నాయిన దగ్గర్నుంచో ఒక జన్యువు వచ్చింది, జబ్బు లేదు. మొదట సిగ్గుపడి కార్డు దాచుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, ఈ ఒక్క జన్యువు ఉన్నవాళ్లకు ఫాల్సిపారం అంత తేలిగ్గా ప్రాణం మీదికి రాదు. 1954లో అలిసన్ అనే డాక్టర్ తూర్పు ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలు బతికిన జనంలో ఈ జన్యువు ఎక్కువ ఉండటానికి కారణం అదే. రెండు వైపుల నుంచీ రెండూ వస్తే మాత్రం సికిల్ సెల్ జబ్బు, జీవితాంతం నొప్పి. అందుకే పెళ్లికి ముందు కార్డులు చూసుకోవాలి. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం.

మా రక్తంలోది చెల్లెకు వచ్చి ఉంటే ఆమె బతికేదేమో. రాలేదేమో. ఆ రాత్రి ఈ మాట అనుకుని చాలాసేపు పడుకోలేదు.

దసరా సెలవులకు ఊరికి పోయాం. ఈసారి నలుగురిలో ఇద్దరం కలిసి పోయాం, ఒక్కడే చెప్తే నాయిన వినడని. తేదీలు రాసిన కాగితం తీసుకుని పోయాం. నాయిన మొత్తం విన్నాడు. బీడీ ఆరిపోయింది, మళ్లీ వెలిగించలేదు.

"బుక్కుల రాస్తే అయిపాయెనా? నా బిడ్డ పోయింది" అన్నాడు.

కాసేపటికి మా వైపు చూడకుండా అడిగాడు: "అయితే ఆ రాత్రి నేను వాగు దాటించి దవాఖానకు తీస్కపోతే బతికేదా?"

మేము దానికి సిద్ధంగా లేం. మేము అత్త తప్పు లేదని రుజువు చేయడానికి పోయాం. నాయిన మాత్రం ఇన్నేళ్లు అత్త తప్పును ఎందుకు గట్టిగా పట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది. అది అత్తది కాకపోతే తనదవుతుందని భయం. పంచాయితీలో అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

ఏం చెప్పాలో తెలియలేదు. ఉన్నదే చెప్పాం. వాగు మెడ లోతు ఉంది. దాటి ఉంటే నువ్వూ చెల్లే ఇద్దరూ పోయేవాళ్లు. అప్పుడు ఊళ్లో రక్తం చూసే కిట్ లేదు, గోలీలు లేవు, రోడ్డు లేదు. చెల్లె తిండి అంతంత మాత్రం, ఒంట్లో రక్తం తక్కువ. దోమ, పరాన్నజీవి, వాగు, ఆకలి అన్నీ ఒకేసారి వచ్చాయి. అందులో నీ తప్పు లేదు నాయినా, అత్త తప్పు అసలు లేదు.

ఆయన లేచి పశువుల దగ్గరికి పోయాడు. రాత్రి దాకా రాలేదు.

మర్నాడు మేమిద్దరం అత్త దగ్గరికి బయలుదేరుతుంటే చొక్కా వేసుకుని వెనక వచ్చాడు. ఏం మాట్లాడలేదు. అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ముసలిదైపోయింది. నాయిన గడప బయటే నిలబడి, "అక్కా, కొన్ని మంచినీళ్లియ్యి" అన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. లోపలికి పోయి చెంబుతో తెచ్చింది. ఆయన మొత్తం తాగాడు. మన దగ్గర ఎవరి ఇంటి నీళ్లు తాగుతారో, ఎవరివి తాగరో, దాని అర్థమేంటో మీకు చెప్పక్కర్లేదు.

మేము కాగితం తీసి తేదీలు చెప్పడం మొదలుపెట్టాం. ఆమె మధ్యలోనే ఆపింది.

"నేను చెయ్యలేదని నాకు ఎరుకే బిడ్డా. మీకు ఎరుక కానీకె ఇన్నేండ్లు పట్టింది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాం. రాయి వేసిన సంగతి చెప్పి తప్పయ్యిందన్నాం. ఆమె దానికి ఏమీ అనలేదు. తిని పొమ్మంది. తిన్నాం.

ఐదు వేలు, మేక ఖరీదు ఊరు ఇంకా తిరిగి ఇవ్వలేదు. పెద్దమనుషులతో మాట్లాడుతున్నాం. సగం మంది సరే అంటున్నారు, సగం మంది "పాత ముచ్చట ఎందుకు" అంటున్నారు. ఆ రోజు బియ్యం చూసిన పెద్దాయన పోయాడు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చిన మనిషి ఆయన ఒక్కడే. కానీ ఆయన చెప్పిన మాట వల్ల ఒక మనిషి పదేళ్లు ఊరు లేకుండా బతికింది. రెండూ నిజమే.

ఈ గ్రూపులో ఉన్నవాళ్లలో చాలామందిమి మన ఇళ్లల్లో మొదట చదువుకున్నవాళ్లం. అందుకే అడుగుతున్నాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇవి చేయండి.

ఒకటి. జ్వరం వస్తే, ముఖ్యంగా పిల్లలకు, ఆ రోజే ఆశా అక్క దగ్గర రక్తం చూపించండి. కిట్ మీద ఇరవై నిమిషాల్లోపే తేలుతుంది. పూజ చేసుకుంటే చేసుకోనీ, గొడవ పడకండి. పరీక్ష మాత్రం పూజకు ముందు కావాలి.

రెండు. పిల్ల ఫిట్స్‌తో ఉన్నా, పిలిస్తే పలకకపోయినా, నీళ్లు మింగలేకపోయినా ఆగొద్దు. 108కు ఫోన్ చేయండి, బండి రాకపోతే మోసుకునైనా పోండి. వానాకాలంలో వాగు పొంగే ఊళ్లల్లో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఎవరి ట్రాక్టర్, ఏ దారి అని.

మూడు. గోలీలు ఎన్ని రోజులు ఇస్తే అన్ని రోజులు. వైవాక్స్‌కు పద్నాలుగు అంటే పద్నాలుగే. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న కొందరికి అది రక్తాన్ని దెబ్బతీస్తుంది. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఒకరి గోలీలు ఇంకొకరికి ఇవ్వొద్దు.

నాలుగు. సర్కారు ఇచ్చిన దోమతెరలు చేపలు పట్టడానికి కాదు. అనాఫిలిస్ కుట్టేది పొద్దుగూకిన తర్వాత, తెల్లవారేలోపు.

ఐదు. మీ ఊళ్లో కూడా ఒక అత్త ఉండొచ్చు. ఎవరి గడప తొక్కరో, ఎవరి బిందె పక్కన బిందె పెట్టరో ఆలోచించండి. ఆ చావు ఎప్పుడు జరిగింది, జ్వరం ఎప్పుడు మొదలయ్యింది, ఆ మనిషి అప్పుడు ఎక్కడుంది అని కాగితం మీద రాయండి. లెక్క మీకే తెలుస్తుంది. తర్వాత పోయి ఆ ఇంట్లో నీళ్లు తాగండి.

2023లో ప్రపంచంలో దాదాపు 6 లక్షల మంది మలేరియాతో చనిపోయారు, ఎక్కువ మంది ఆఫ్రికాలోని ఐదేళ్ల లోపు పిల్లలు. మన దేశం 2030కల్లా మలేరియా లేకుండా చేస్తామంటోంది. మన ఊళ్లల్లో కేసులు నిజంగానే తగ్గాయి, అది మంచిదే. రోగం తగ్గినంత తొందరగా నింద తగ్గదు. దానికి గోలీ లేదు, మనమే పోయి చెప్పాలి.

లైక్ కొట్టకపోయినా పర్వాలేదు. ఇంట్లో అమ్మకో నాయినకో ఒకసారి చదివి వినిపించండి.

మీర్‌పేట్ నుంచి, నలుగురం.